పచ్చడి జాడీ వెనక రెండు డబ్బాలు

కిందటివారం వెరోనికాను నేలమీద చతికిలబడ్డదాన్ని అలాగే వదిలేసి వచ్చాం, పాపం. భిలాయి ఊళ్ళో, కోహ్కాలో ఇంటి ముందు గదినే స్టూడియో చేసుకున్న ఆ పిల్ల, కెమెరా సంచి బోర్లించింది, దులిపింది, చివరికి అడుగు కుట్లు కూడా విప్పి చూసింది. ఫొటోలు దాచే అగ్గిపెట్టెంత మెమరీ కార్డు, ఎక్కడా లేదు. ఆ కార్డులో ఉన్నది సత్యారావు ముఖం.

ఆ ముఖం సంగతి మరోసారి చెప్పుకోవాలి. సత్యారావు ఉక్కు ఫ్యాక్టరీ ఫర్నేసులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి, పోయిన ఏడే రిటైరైన మనిషి. పెళ్ళికి ముందెప్పుడో కాగిన ఇనుము ఎగిరిపడి ఎడమ చెంప చెవిదాకా కాలిపోయింది. ఆ తరవాత మనిషి ఫొటోకి నిలబడితే ఒట్టు. పెళ్ళి ఫొటోలో కూడా ముఖం పక్కకే తిప్పుకున్నాడు. గేటు పాసు మీద కాలకముందు నాటి ఫొటోనే ముప్పై ఏళ్ళూ అతికించుకుంటూ నెట్టుకొచ్చాడు. గేటు దగ్గర కాపలావాళ్ళకు ఫొటో కంటే మనిషే బాగా తెలుసు కాబట్టి సరిపోయింది. ఇన్నేళ్ళకు ఆ పాత మచ్చమీద మానని పుండొకటి లేచింది. చెంప కోసి, తొడ చర్మం తెచ్చి వేయాలన్నారు డాక్టర్లు. అప్పుడు ఆయన భార్య సింహాచలమ్మ పట్టుబట్టి, ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు, ఆదివారం నాడు, వెరోనికా చేత ఫొటో తీయించింది. మంగళవారం ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడు కళ్ళు, ముక్కు తప్ప ముఖమంతా కట్టు. మాట్లాడకూడదన్నారు. సోమవారం కట్టు విప్పుతారు. ఇవాళ శనివారం. పాత ముఖం ఇక ఆ కార్డులో తప్ప లోకంలో ఎక్కడా లేదు.

ఆ కార్డు దొరికిన తీరు వింటే ఏడవాలో నవ్వాలో తెలీదు.

పొద్దున్నే ఏమీ తినకుండా తిరుగుతున్న కూతుర్ని చూడలేక భాగ్యవతి వంటింట్లోంచి కేక వేసింది. "ఫ్రిజ్‌లో పెరుగుంది, ఓ ముద్ద కలుపుకుని తిను. నీరసించి పడిపోతే కార్డు దొరికిపోద్దేటి?"

ఆ ఫ్రిజ్ భాగ్యవతి పెళ్ళయిన పదో ఏట వచ్చింది. తలుపు సరిగా పడదని దానికో రబ్బరు బిళ్ళ ఆనించి ఉంటుంది. వెరోనికా బిళ్ళ తీసి, తలుపు తెరిచి, పెరుగు గిన్నె కోసం గోంగూర పచ్చడి జాడీని పక్కకు జరిపింది. జాడీ వెనక రెండు డబ్బాలున్నాయి. ఒకటి ఫిల్ము రోళ్ళు పెట్టుకునే నల్ల ప్లాస్టిక్ డబ్బా, రబ్బరు బ్యాండు వేసి ఉంది. రెండోది అల్యూమినియం డబ్బా, చాలా పాతది, మూత చుట్టూ వేసిన ప్లాస్టరు పసుపెక్కి పెళుసుబారింది. నల్ల డబ్బా తెరిస్తే లోపల నల్ల కాగితం పొట్లం, పొట్లంలో కార్డు.

"డాడీ!"

సొలొమోను వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. నలభై ఏళ్ళు ఫిల్ముతో ఫొటోలు తీసిన చెయ్యి. సెక్టారు మార్కెట్లో ఆయన దుకాణంలో ఫొటో దిగని తెలుగు కుటుంబం భిలాయిలో అరుదు. కూతురి కేకకు ఆయన ముందు బెదిరి, తరవాత గంభీరంగా ముఖం పెట్టాడు.

"ఎక్స్‌పోజైన ఫిల్ము రోలుని అలాగ టేబుల్ మీద, ఎండ పడే చోట పడేసి పోతారేటే? గుండె జారిపోయింది నాకు. అందుకే చీకట్లో పెట్టాను. చల్లగా కూడా ఉంటది."

"అది రోలు కాదు డాడీ! ఎండ తగిలితే దానికేమీ కాదు! నాలుగు రోజులుగా వెతుకుతున్నాను!"

"వెతుకుతున్నావని నాతో చెప్పావేటి?"

చెప్పలేదు. పోయిందంటే తిడతాడని దాచింది. ఆయనా చెప్పలేదు. 'నా సామాను ముట్టుకోవద్దు డాడీ' అని ఆ పిల్ల ఓసారి విసుక్కుంది కాబట్టి, ముట్టుకున్నానని చెప్పడానికి మొహమాటపడ్డాడు. ఒకే ఇంట్లో ఒకరినొకరు అంత ప్రేమించుకునే ఇద్దరు, నాలుగు రోజులు ఒకరి నుంచి ఒకరు దాక్కున్నారు.

"మరి ఇదేంటి?" అంటూ వెరోనికా అల్యూమినియం డబ్బా కూడా ఎత్తింది.

సొలొమోను లేచిన వేగం చూస్తే యాభై ఎనిమిదేళ్ళ మనిషని ఎవరూ అనరు. డబ్బాను కూతురి చేతిలోంచి మెల్లిగానే, కానీ గట్టిగా తీసుకున్నాడు. "అది నీది కాదమ్మా" అన్నాడు. తీసుకెళ్ళి మళ్ళీ జాడీ వెనకే పెట్టి, తలుపు మూసి, బిళ్ళ ఆనించాడు. భాగ్యవతి చూసింది, చూడనట్టు పొయ్యివైపు తిరిగింది. కార్డు దొరికిన సంబరంలో వెరోనికా అదేం పట్టించుకోలేదు.

సంబరం అయిదు నిమిషాలే. కార్డును కంప్యూటర్‌కు తగిలించింది. ఆరు ఫొటోలకు ఆరు ఫైళ్ళు వరసగా కనబడ్డాయి. అన్నీ తెల్ల కాగితం బొమ్మలే. నొక్కితే, ఈ ఫైలు ఏమిటో నాకు తెలియదని ఒకటే మాట.

ఆ కెమెరా రాయపూర్‌లో ప్రకటనల ఫొటోలు తీసే ఒకాయన వాడి అమ్మేసినది. పాత రోజుల్లో పెద్ద రోలు వేసుకునే ఇటుకంత కెమెరా. దాని వెనక రోలుకు బదులు కొత్త డిజిటల్ డబ్బా తగిలించారు. గోడంత ప్రింటు వేసినా వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కానీ ఆ డబ్బా తీసేది మామూలు ఫొటో కాదు, రా ఫైలు. పచ్చి ముద్ద. దాన్ని ఫొటోగా చేయాలంటే సాఫ్ట్‌వేర్ కావాలి. వెరోనికా కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆ డబ్బా పుట్టకముందు తయారైంది. దాని రాత దీనికి చదవడం రాదు. డబ్బా తయారుచేసినవాళ్ళ కొత్త సాఫ్ట్‌వేర్ వేద్దామంటే, ఈ పాత కంప్యూటర్ మీద అది ఎక్కదు. ఇదంతా ముందే సరిచూసుకోవలసింది. కెమెరా ఇంటికొచ్చి వారమే అయింది, వెనక చిన్న తెరమీద బొమ్మ పడింది కదా, అంతా బాగుందనుకుంది.

సొలొమోను వచ్చి భుజం మీదుగా చూశాడు. "రోలు పాడైపోయిందా?"

"లేదు డాడీ." ఆయనకు ఎలా చెప్పాలా అని వెరోనికా వెతుక్కుంది. "నెగటివ్ లోపల బాగానే ఉంది. కడిగే మందు మన దగ్గర లేదు."

"ఓస్, అంతేనా." ఆయన ముఖం తేటపడింది. "ఐతే ఏడుపెందుకు? మందు వెతుకు."

తమ్ముడు ఎబెన్‌కు ఫోన్ చేసింది. వాడు హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల పేటలో యంత్రాల విడిభాగాలు చేసే షాపులో కంప్యూటర్ మీద డ్రాయింగులు గీస్తాడు. "అరే దీదీ, ఫైలు పేరు చివర జేపీజీ అని మార్చి చూడు" అన్నాడు.

"మార్చాను. పేరు మార్చితే లోపలిది మారుద్దారా?"

"హా, సహీ బాత్ హై." వాడి వెనక లేతు యంత్రాల మోత వినబడుతోంది. "దీదీ, మాకు ఇక్కడ రోజూ ఇదే గొడవ. ఆర్డరిచ్చే పార్టీవాళ్ళు కొత్త వర్షన్‌లో డ్రాయింగ్ పంపుతారు, మా దాంట్లో ఖుల్తా నహీ. అప్పుడు మేమేటి చేస్తాం, పాత వర్షన్‌లోకి దింపించుకుంటాం. నీ రా ఫైలుకి కూడా అలాటి మార్చే ప్రోగ్రామేదైనా ఉంటది. ఇక్కడ నెట్టు ఫాస్ట్ ఉంది, వెతికి తెస్తాను. రెండింటికి ఛుట్టీ. నువ్వు టెన్షన్ పడకు."

టెన్షన్ పడకుండా ఎలా ఉంటుంది? పదకొండింటికి గేటు చప్పుడైంది. సింహాచలమ్మ. చేతిలో ఫ్లాస్కు, చంకలో సంచి, ఆసుపత్రి నుంచి తిన్నగా ఇటే వచ్చింది. నాలుగు రాత్రులు వార్డులో కింద పడుకున్న మనిషి, అయినా జడ నున్నగా దువ్వుకునే ఉంది.

"ఏటమ్మీ, అయిపోనాదా మా ఆయన ఫొటో?"

వెరోనికాకు ఒక్క క్షణం పాడు బుద్ధి పుట్టింది. కెమెరా వెనక తెరమీది తపాలా బిళ్ళంత బొమ్మ ఉంది. అది చూపించి, ప్రింటు రేపంటే సరి. చూపించింది కూడా. సింహాచలమ్మ తెరను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పట్టుకుంది, చీర కొంగుతో తుడిచింది.

"ఇంత పిసరున్నాడేటి? ఇదేటి, సగం మనిషి సీకట్లోనే ఉండిపోనాడు."

ఆ అమాయకపు మాటతో వెరోనికా దాచలేకపోయింది. "అత్తా, ఫొటో ఉంది, కానీ తెరుచుకోవడం లేదు. తమ్ముడు మధ్యాహ్నం ఏదో తెస్తానన్నాడు. అది కూడా పనిచేస్తదని మాటివ్వలేను. తప్పు నాదే. ముందే చూసుకోవలసింది."

సింహాచలమ్మ కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది. ఫ్లాస్కు కింద పెట్టి, స్టూలుమీద కూర్చుని, తన చేతుల వంక చూసుకుంది.

"మా ఆయన అద్దం సూసుకోడమ్మీ. నీకు తెల్దు. ముప్పై ఏళ్ళు ఆయన గెడ్డం నాను గీసినాను. ఆ మచ్చమీద కత్తి ఎలాగ తిప్పాలో నా సెయ్యికే తెల్సు. ఓ సోట సర్మం కాగితం లాగుంటది, ఓ సోట తాడు లాగుంటది. అక్కడ ఊపిరి బిగబట్టీవోడు. నాను గీసీసి, ఎలాగున్నానే అనడిగితే, దొరబాబులాగున్నావు అనీదాన్ని. అదే ఆయన అద్దం."

వంటింటి గుమ్మంలో భాగ్యవతి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సోమారం కట్టు విప్పీసినాక మట్టుకు అద్దం అడుగుతాడు. కొత్త ముఖం గదా. సూసుకొని బెంగెట్టుకుంటాడు. పాతది ఎలాగుండీదో ఆయనికేటి తెల్సు? దానికంటే ఇది నయమో, కాదో పోల్సుకోడానికి కూడా లేదు. అందుకే అద్దం కంటే ముందు ఆ ఫొటో ఆయన సేతిలో ఎడదావనుకున్నాను. ఇదిగో, నాను కాపరం సేసిన ముఖం ఇదీ, ఏటి తక్కువైంది దీనికి, అని సూపిద్దావని." ఆమె నవ్వబోయి మానేసింది. "ఇప్పుడా ముఖం నాకొక్కదానికే తెల్సు. నానూ మర్సిపోతే మరెవులికీ తెల్దు."

వెరోనికా ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పుడు వినబడింది వరండా గుమ్మం దగ్గర సొలొమోను గొంతు.

"చెల్లెమ్మా. ఆ ముఖం కాలింది నా మూలంగానే."

తండ్రి గొంతు అంత సన్నగా వెరోనికా ఎప్పుడూ వినలేదు. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"డెబ్భై నాలుగులో. నాకు పాతికేళ్ళు, ఓ స్టూడియోలో పనివాణ్ణి. ఫోర్‌మేన్ ఒకాయన రిటైరవుతుంటే, ఫర్నేసు గ్యాంగు అంతా పనిలో ఉండగా ఫొటో కావాలని పర్మిషన్ తీసుకుని నన్ను లోపలికి రమ్మన్నారు. కెమెరా నెత్తిమీదే బల్బు ఫ్లాషు. తిన్నగా వాళ్ళ కళ్ళలోకి వేశాను. అప్పుడే సత్యారావు కాగిన ఇనుము శాంపిలు తియ్యడానికి పొడుగు గరిటె లోపల ముంచుతున్నాడు. ఫ్లాషు వెలిగింది. ఇనుము ఎగిరింది. ఆ కేక…" ఆయన ఆగిపోయాడు. "ముప్పై మూడేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. భాగ్యవతికి తప్ప."

వెరోనికాకు చిన్ననాటి మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఫ్లాషు కెమెరా నెత్తిన ఉండకూడదమ్మా. మనిషి కళ్ళలోకి వెయ్యకూడదు. పక్కకు జరుపు, తెల్ల గొడుగు మీద వెయ్యి, గోడ మీద వెయ్యి, వెలుతురు మనిషి దగ్గరకు అడిగి వెళ్ళాలి. పొడుగు వైరు చివర ఫ్లాషు పట్టుకుని గది మూల నిలబడే తండ్రిని చూసి, అందం కోసమే అనుకుంది ఇన్నాళ్ళూ. మొన్న ఆదివారం కూడా అంతే. ఫ్లాషును దూరం నుంచే వెలిగించే చిన్న ట్రిగ్గరు కెమెరా మీద పెట్టి, ఫ్లాషును సత్యారావు ఎడమవైపు గొడుగు కింద పెట్టింది. గొడుగు పట్టుకున్నది తండ్రే. వెలిగే ప్రతిసారీ ఆయన కళ్ళు గట్టిగా మూసుకోవడం చూసి, వయసు మీద పడిందనుకుంది.

సింహాచలమ్మ గుమ్మం వైపు తిరిగి అంది, "నాకు తెల్సన్నియ్యా."

"ఏటి?"

"పెళ్ళిసూపులకొచ్చినప్పుడే సెప్పినాడు. ఫొటో తీసీ కుర్రోడొకడు ఆ పొద్దు నాకంటే గట్టిగా ఏడ్సినాడు, ఆడెక్కడున్నాడో అన్నాడు. నీ పేరు సెప్పలేదు గానీ, మీ దుకాణం మీదుగా ఎల్లినప్పుడల్లా సైకిలు ఆపి నిలబడీవోడు. లోనకి రమ్మంటే రాడు. మొన్న ఫొటో అంటే, ఐతే సొలొమోను బాబు ఇంట్లోనే, మరెక్కడా వొద్దు, అన్నాడు. మరి నాకర్దం కాదేటి?"

సొలొమోను అలాగే గుమ్మం మీద కూలబడ్డాడు. భాగ్యవతి వచ్చి పక్కనే కూర్చుంది.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో నలుగురూ చారూ అన్నం తిన్నారు. సింహాచలమ్మ వద్దంటే భాగ్యవతి ఊరుకోలేదు. "ఆసుపత్రి రొట్టెలు తిని ఎలాగున్నావో సూసుకో. ఇంకో ముద్ద" అని కసిరి కసిరి పెట్టింది.

రెండున్నరకు ఎబెన్ మోటార్ సైకిల్ దిగి, హెల్మెట్ తీయకుండానే పెన్‌డ్రైవ్ ఊపుతూ వచ్చాడు. "మిల్ గయా దీదీ! కొత్త కెమెరాల రా ఫైళ్ళని పాత సాఫ్ట్‌వేర్ చదవగలిగే రా ఫైలు కింద మారుస్తది. ఫ్రీ!" గదిలో అందరి ముఖాలూ చూసి గొంతు తగ్గించాడు. "క్యా హువా? ఎవరైనా పోయారా?"

"నోరు ముయ్యరా, పని చూడు" అంది భాగ్యవతి.

ప్రోగ్రాము ఎక్కించడానికి పది నిమిషాలు. మొదటి ఫైలు మారడానికి ఇంకో మూడు. ఆకుపచ్చ గీత నత్తలా పాకుతుంటే అయిదుగురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అప్పుడు తెల్ల కాగితం బొమ్మ పోయి, తెరమీద పైనుంచి కిందికి, నెరిసిన జుట్టు, నుదురు, కళ్ళు…

"వొచ్చీసినాడు!" సింహాచలమ్మ లేచి నిలబడింది.

పక్కనుంచి పడిన మెత్తని వెలుతురులో ఆ చెంప ఉంది. ఎదురుగా ఫ్లాషు వేసి ఉంటే తెల్లగా, చచ్చిన చర్మంలా కనబడేది. ఇప్పుడు అది ఎండిన ఏటి ఇసుకలా, అలలు అలలుగా ఉంది. కళ్ళు తిన్నగా చూస్తున్నాయి. సింహాచలమ్మ తెర దగ్గరకు వెళ్ళి, వేలితో, ముట్టీ ముట్టకుండా, గెడ్డం గీసే దారినే మచ్చ చుట్టూ తిప్పింది. "ఇదీ… ఇక్కడే ఊపిరి బిగబట్టీవోడు" అంది మెల్లిగా. పెదవులు నవ్వుతుంటే కన్నీళ్ళు చుబుకం మీంచి జారాయి.

"కుడివైపు చీకటి ఎక్కువైంది, కొంచెం లేపుతాను" అంది వెరోనికా, తన కళ్ళు తుడుచుకోవడానికో వంక దొరికినట్టు. రా ఫైలులో ఉన్న గొప్పే అది. చీకట్లో పడ్డది కూడా పోదు, లోపలే ఉంటుంది. మౌస్ జరుపుతుంటే నీడ మెల్లమెల్లగా పలచబడి, కుడి భుజం వచ్చింది, చొక్కా మడత వచ్చింది, మోకాలి మీద చెయ్యి వచ్చింది. నాలుగు వేళ్ళు మూసి, బొటనవేలు తన గుండె వైపు తిప్పిన చెయ్యి.

"అలాగెందుకు పెట్టారు?" అన్నాడు ఎబెన్.

సింహాచలమ్మ వేలు తెరమీద ఆగిపోయింది. "మిగిల్నవి కూడా తెరవమ్మీ."

ఆరూ తెరిచారు. ఆరింట్లోనూ అదే చెయ్యి. ఫ్లాషు వెలిగిన ప్రతిసారీ, ఎవరూ చూడని నీడలో, అదే సైగ.

"అది ఫర్నేసోళ్ళ సైగ" అంది ఆమె. "ఆ మోతలో మాట ఇనబడదు గదా. ఎవుడైనా పొరపాటు సేస్తే, పక్కోడి మీదకి రాకుండా ఇలాగ సూపిస్తాడు. తప్పు నాది, మీరు పని సూసుకోండి అని. ఇంట్లో పాలు పొంగిపోయినా ఇలాగే సూపించీవోడు." ఆమె సొలొమోను వైపు తిరిగింది. "తడి గరిటె, తడి గరిటె అని నిద్దర్లో కలవరించీవోడన్నియ్యా. ఏటో అనుకున్నాను. గరిటె ఏడి సెయ్యకుండా తడితో ముంచితే ఇనుము ఎగురుద్దంట గదా. నీ ఫ్లాషు కాదు. ఆయనే…"

సొలొమోను తెరవైపు చూశాడు. తాను కళ్ళు మూసుకున్న ఆరుసార్లూ సత్యారావు తనకు చెబుతూనే ఉన్నాడు. సొలొమోను లేచి వంటింట్లోకి వెళ్ళాడు. రబ్బరు బిళ్ళ కిందపడిన చప్పుడు, జాడీ జరిగిన చప్పుడు. తిరిగొచ్చి అల్యూమినియం డబ్బాను కూతురి అరచేతిలో పెట్టాడు. చల్లగా, చెమ్మగా ఉంది.

"ఆ రోజు రోలు. నేను కడగలేదు. నా తప్పు అందులో అచ్చయి ఉంటదని భయం. పారెయ్యలేకపోయాను కూడా. చివరి ఫొటో ఆ క్షణానిదే. ఇనుము ముందెగిరిందో, నా ఫ్లాషు తగిలి ఆయన కదిలాడో, దీనికే తెల్సు. మందు ఎక్కడైనా దొరుకుద్దేమో చూడు. కడుగమ్మా."

వెరోనికా వేళ్ళు ప్లాస్టరు అంచు మీదకు వెళ్ళాయి. అంతలో గెడ్డం గీసి గీసి గట్టిపడ్డ చెయ్యి ఒకటి వచ్చి, ఆమె గుప్పిటను డబ్బాతో సహా మూసేసింది.

"వొద్దు" అంది సింహాచలమ్మ. "తప్పు తనదని ఆయన మాట ఇచ్చీసినాడు గదా అన్నియ్యా. పుచ్చుకో. ఒకేళ అది అబద్దవైతే? నీకోసవే అలాగ సెప్పుంటే, అదీ సెడిపోద్ది గదా?"

"అదే తెలియాలి చెల్లెమ్మా నాకు" అన్నాడు సొలొమోను. "అబద్ధమైతే ఆ భారం నాదే. ఆయన చేత మొయ్యనివ్వను."

ఒక ముసలి చెయ్యి వెరోనికా వేళ్ళను విప్పుతోంది. ఇంకో ముసలి చెయ్యి వాటినే మూస్తోంది. మధ్యలో డబ్బా కొంచెంకొంచెంగా వెచ్చబడుతోంది. తెరమీద సత్యారావు ఆరుచోట్ల నుంచి, బొటనవేలు గుండె వైపు తిప్పుకుని, ముగ్గురినీ చూస్తున్నాడు.